జీతం చీటీ ఉన్నవాడికేనా భూమి?

(దుత్తలూరులో జరిగిన మండల సమావేశంలో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగం పాఠం)



గిట్టుబాటు ధర, ఎరువులు, కరెంటు, సోమశిల నీళ్లు. ఇవి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకునేవే. వచ్చే నెలా మాట్లాడుకుంటాం. ఈ పూట మాత్రం ఒక్క విషయం మీదే నిలబడదాం. మనం చేసే పని ఏదనే దాన్ని బట్టి మనకు పుట్టే అప్పు, ఆ అప్పును బట్టి మన చేతిలో నిలిచే భూమి ఎలా మారిపోతున్నాయో చూద్దాం.

ఇల్లు కట్టుకోవడానికో, గట్టు పక్క చేను కొనుక్కోవడానికో బ్యాంకు మెట్లు ఎక్కామనుకోండి. మేనేజరు అడిగే మొదటి మాట ఏది? నీకు ఎన్ని ఎకరాలుంది అని కాదు. ఏం పని చేస్తావు, నెలకు ఎంత వస్తుంది అని. ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు. మనకు నెల లేదు, కారు ఉంది. పొగాకు వేలం అయితే డబ్బు, కంది కోస్తే డబ్బు, వాన పడకపోతే అదీ లేదు. నెల జవాబు చెప్పలేని మనిషికి బ్యాంకులో ఒక తలుపు తెరుచుకుంటుంది, మూడు తలుపులు మూసుకుంటాయి.

ఒక వీధిలో ముగ్గురు

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒకే వీధిలో ఉండే ముగ్గురిని ఊహించుకుందాం. ఒకరు సర్కారు బడిలో టీచరు, చేతికి నెలకు 50 వేలు వస్తుంది. రెండో మనిషికి ఐదెకరాల మెట్ట ఉంది, ఒక బోరు, రెండు బర్రెలు. మూడో మనిషికి సొంత భూమి లేదు, నాలుగెకరాలు గుత్తకు చేస్తున్నాడు.

టీచరు గృహ రుణం అడిగితే జీతం చీటీలు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు ఇస్తే చాలు. చేతికొచ్చే జీతంలో దాదాపు సగం దాకా కిస్తీకి పోవచ్చని బ్యాంకులు మామూలుగా లెక్క వేస్తాయి. నెలకు 25 వేల కిస్తీ అంటే, 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు మీద 27 లక్షలకు పైగా అప్పు పుడుతుంది. 30 లక్షల లోపు గృహ రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. అంటే చేతిలో పదోవంతు ఉంటే ఇంటివాడు కావచ్చు. పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి ఆ ఇంటి వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు కూడా ఉంది.

ఐదెకరాల రైతుకు దొరికేది పంట రుణం. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ. గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇది మంచిదే, పోరాడి తెచ్చుకున్నదే. కానీ ఇది పంట పెట్టుబడి కోసం, ఏడాదిలో తిరిగి కట్టాల్సిన డబ్బు. దీంతో ఇల్లు కట్టలేం, చేను కొనలేం. ఇంటి మీద అప్పు అడుగుదామంటే మన ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉన్నాయి, తాకట్టుకు దస్తావేజు ఉండదు.

మూడో మనిషి, గుత్త రైతు, బ్యాంకు లెక్కలో రైతే కాదు. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు తీసుకోవాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆ కార్డు బతికేది 11 నెలలు. సంతకం పెడితే ఎక్కడ హక్కు అడుగుతాడోనని యజమాని భయం. సంతకం రాదు, కార్డు రాదు. ఇక మిగిలింది నోటు రాసి తెచ్చుకునే బయటి అప్పు.

ఇప్పుడు లక్ష రూపాయలకు ఏడాది వడ్డీ చూడండి. పంట రుణం గడువులో కడితే 4 వేలు. టీచరు గృహ రుణానికి 9 వేలు. నూటికి రెండు రూపాయల బయటి వడ్డీ అయితే 24 వేలు. మూడు రూపాయలైతే 36 వేలు. డబ్బు అదే, ఊరు అదే, నిజాయితీ కూడా అదే. మారింది చేసే పని ఒక్కటే.

మన రాబడిలో కూలి ఎంత?

బ్యాంకు వాళ్లు చెప్పే మాట ఒకటుంది. ఉద్యోగికి స్థిరమైన రాబడి ఉంది, రైతుకు లేదు, అందుకే తేడా అని. ఈ మాటలో సగం నిజం ఉంది. నెల నెలా వచ్చే డబ్బు మీద నెల నెలా కిస్తీ కట్టించుకోవడం వాళ్లకు సులువు. మిగతా సగం మాత్రం పరిశీలించాలి.

కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన జాతీయ నమూనా సర్వే, 77వ విడత, వ్యవసాయ కుటుంబాల లెక్క తీసింది. దేశం మొత్తం మీద సగటు వ్యవసాయ కుటుంబానికి నెలకు వచ్చేది 10,218 రూపాయలు. అందులో కూలి, జీతం రూపంలో వచ్చేది 4,063. పంట మీద మిగిలేది 3,798. పశువుల మీద 1,582. అంటే రైతు అని రాసుకున్న ఇంట్లో కూడా పంట కంటే కూలే ఎక్కువ తెస్తోంది. మన మెట్ట మండలాల్లో ఇది వింత కాదు. ఉపాధి పనికి పోతాం, పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి పోతాం, బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాదులో మేస్త్రీ పనికి పోతాం. మనం ఇప్పటికే సగం కూలీలం. కానీ ఆ కూలికి చీటీ లేదు. సంపాదన ఉంది, సాక్ష్యం లేదు. బ్యాంకు లెక్క కట్టేది సంపాదనను కాదు, సాక్ష్యాన్ని.

అదే సర్వేలో మన రాష్ట్రం మాట కూడా వినాలి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. దేశ సగటు 74,121. మనకు అప్పు దొరకడం లేదనడం సరిగ్గా నిజం కాదన్నమాట. దొరుకుతోంది. చవక అప్పు చాలినంత దొరకక, ఖరీదైన అప్పు మీద పడుతున్నాం.

చేను ధర ఎవరి జీతంతో తేలుతోంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన దుత్తలూరు మీదుగా జాతీయ రహదారి పోతోంది. ఇటు ఉదయగిరి, అటు వింజమూరు, కావలి దారులున్నాయి. రోడ్డు వెడల్పయ్యే కొద్దీ రోడ్డు పక్క చేలలో రాళ్లు మొలుస్తున్నాయి. నిన్నటి దాకా ఎకరాల్లో, సెంట్లలో మాట్లాడిన భూమి గురించి ఇవాళ అంకణాల్లో మాట్లాడుతున్నారు. మన జిల్లాలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఎకరానికి 605 అంకణాలు.

లెక్క కోసం ఒక ధర అనుకుందాం. రైతు ఎకరం 20 లక్షలకు అమ్మాడు. రోడ్లకు, ఖాళీ జాగాకు పోను 350 అంకణాలు ప్లాట్లయ్యాయి. అంకణం 15 వేలంటే 52 లక్షల 50 వేలు. రాళ్లు పాతి, గ్రావెల్ రోడ్డు వేసి, అనుమతుల ఖర్చు పెట్టుకున్నా మధ్యలో మిగిలేది తక్కువ కాదు. ఆ ప్లాట్లు కొనేవాళ్లలో ఎక్కువ మంది ఎవరు? నెల జీతగాళ్లు. మనం పస్తులుండి కాపాడిన చేను వాళ్లకు పొదుపు పెట్టె. పది మందికి పది పెట్టెలు. అందులో తప్పేమీ లేదు, ఎవరి డబ్బు వాళ్ల ఇష్టం. కానీ దాని ఫలితం మన మీద పడుతోంది.

ఎలా అంటారా? పక్క ఎకరం 5 లక్షలకు అమ్మకానికి వచ్చిందనుకోండి. మనం రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంటే ఏడాదికి వడ్డీయే లక్షా 20 వేలు. మన మెట్టలో ఏ పంట వేస్తే ఎకరానికి ఖర్చులు పోను అంత మిగులుతుంది? ఏదీ మిగలదు. ఉద్యోగి పదిశాతం లోపు వడ్డీకి తెచ్చి కొంటే ఏడాదికి 50 వేల లోపే. ఆ 50 వేలు చేనిలో పండాల్సిన పని కూడా లేదు, జీతంలో నుంచి పోతుంది. చేను బీడుగా ఉన్నా అతనికి నష్టం లేదు, ధర పెరిగితే చాలు. కాబట్టి ఇవాళ చేను ధరను తేల్చేది అందులో పండే పంట కాదు, కొనేవాడి జీతం. పంటతో బతికేవాడు ఆ ధరకు కొనలేడు. అమ్మగలడు, అంతే.

అమ్మిన డబ్బు ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. పాత అప్పు, ఆడపిల్ల పెళ్లి, ఆస్పత్రి, పిల్లవాడి ఇంజనీరింగు ఫీజు. రెండేళ్లకు భూమీ ఉండదు, డబ్బూ ఉండదు. కొన్న పెద్దమనిషి ఊళ్లో ఉండడు. ఆ చేనునే మళ్లీ నోటిమాట మీద గుత్తకు చేసేది మనలోనే ఒకరు. నిన్నటి యజమాని ఇవాళ సంతకం కోసం తిరిగే గుత్త రైతు అవుతాడు.

కొన్ని రాష్ట్రాలు ఈ ప్రమాదాన్ని చట్టంతో ఆపాలని చూశాయి. మహారాష్ట్రలో రైతు కానివాడు కలెక్టరు అనుమతి లేకుండా వ్యవసాయ భూమి కొనకూడదు. కర్ణాటకలో వ్యవసాయేతర ఆదాయం ఏడాదికి 25 లక్షలు దాటినవాళ్లు కొనకూడదని 2020 దాకా నిబంధన ఉండేది, ఆ ఏడాది ఎత్తేశారు. మన రాష్ట్రంలో అలాంటి ఆంక్షే లేదు. 1973 భూ సంస్కరణల చట్టం పరిమితి దాటకపోతే ఎవరైనా, ఏ పని చేసేవారైనా కొనొచ్చు.

ఉద్యోగులు పరాయివాళ్లు కాదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. జీతగాడు మన శత్రువు కాదు. ఆ జీతగాళ్లలో మన కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు ఉన్నారు. చేను అమ్మి చదివించింది వాళ్లనే. వాళ్ల కష్టం వాళ్లకుంది. జీతం చీటీ ఉన్నవాళ్లందరూ ఒకటి కాదు. సర్కారు ఉద్యోగికి ఒక లెక్క, ప్రైవేటు కంపెనీలో పర్మినెంటుకు ఒక లెక్క, అవుట్‌సోర్సింగు, కాంట్రాక్టు పిల్లలకు ఇంకో లెక్క. జీతం వచ్చినంతకాలం బ్యాంకు పిలిచి అప్పు ఇస్తుంది. 20 లక్షల అప్పుకు 9 శాతం మీద 20 ఏళ్లు నెలకు దాదాపు 18 వేల కిస్తీ. మొత్తం కట్టేది 43 లక్షలు. ఉద్యోగం ఊడినా కిస్తీ ఊడదు.

కిస్తీ 90 రోజులు ఆగితే అది మొండి బాకీ. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, సివిలు కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. అయితే ఈ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. ఇది మనకున్న గట్టి కంచె. బ్యాంకు మన చేను మీదికి రావాలంటే మామూలు న్యాయమార్గంలోనే రావాలి. కానీ కాగితంలో వ్యవసాయ భూమి అని ఉంటే చాలదు, నిజంగా సాగులో ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. చేనును ప్లాట్లకు మార్చుకున్న రోజు, ఏళ్ల తరబడి బీడు పెట్టిన రోజు ఆ కంచెను మన చేతులతో మనమే పీకేసుకున్నట్టు.

పిల్లల అప్పుకు తండ్రి హామీ సంతకం పెట్టేటప్పుడు కూడా ఆలోచించాలి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత, అప్పు తీసుకున్నవాడి బాధ్యత సమానం. అబ్బాయి కిస్తీ ఆగితే నాయన సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది, పంట రుణం రెన్యువలుకు పోయినప్పుడు బయటపడుతుంది. పెట్టొద్దని మేం అనడం లేదు. ఎంత అప్పు, ఎన్నేళ్లు, ఉద్యోగం పోతే ఆరు నెలలు కట్టడానికి చేతిలో ఏముంది అని అడిగి పెట్టండి. ఇంట్లో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కువైట్ డబ్బుతో చేను

మన మెట్ట నుంచి, పక్కనున్న కడప జిల్లా నుంచి కువైట్ పోయిన వాళ్లు తక్కువేం కాదు. అక్కడ డ్రైవరుగా, ఇంటి పనిలో చెమటోడ్చి ఇక్కడ నాలుగెకరాలు కొనాలని ఆశ పడతారు. చాలామందికి తెలియని సంగతి ఏమంటే, ఉద్యోగం కోసం విదేశంలో ఉంటున్న మనిషి తన పేరున వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనకూడదు. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింద ఉన్న నిబంధన ఇది. ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనుక్కోవచ్చు. పోకముందు నుంచి ఉన్న భూమి, తండ్రి తాతల నుంచి వచ్చిన భూమి ఉంచుకోవచ్చు. ఆ నిబంధన మీరితే జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పడొచ్చు. ఊళ్లో ఉండే భార్యకు డబ్బు పంపి ఆమె పేరున కొంటే అది ఆమె భూమి, ఆమె హక్కు. అందులో తప్పు లేదు, మంచిదే. తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడ్డాక తన పేరున కొనుక్కోవచ్చు. చూశారా, ఇక్కడ కూడా మనిషి ఎక్కడ ఏం పని చేస్తున్నాడన్నదే అతని భూమి హక్కును నిర్ణయిస్తోంది.

కిస్తీల ప్లాట్ల వల

బ్యాంకు తలుపు మూసుకున్న చోట ఇంకో తలుపు తెరుచుకుంటుంది. నెలకు కొంచెం కొంచెం కట్టు, ఐదేళ్లకు ప్లాటు నీదే, లేదా రెట్టింపు డబ్బు నీదే అంటారు. జీతం చీటీ అడగరు, సిబిల్ అడగరు. అందుకే కూలీలు, చిన్న రైతులు, చిన్న దుకాణదారులు దానివైపు పోతారు. అగ్రిగోల్డ్ కథ మరిచిపోయే కథ కాదు. భూమి ఇస్తామని, లేదంటే డబ్బు ఇస్తామని చెప్పి నాలుగైదు రాష్ట్రాల్లో 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా వసూలు చేశారు. 2014-15 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. కట్టించుకున్న ఏజెంట్లు మన ఊళ్లలోని మన వాళ్లే, ముందు నిలదీతకు గురైందీ వాళ్లే. మన రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవాళ్లకు ఖజానా నుంచి ఇచ్చింది. అంతకు మించి కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

కాబట్టి ప్లాటు కొనేవాళ్లు ఎవరైనా సరే, ముందు లేఅవుటుకు అనుమతి ఉందా చూడాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకు 2016 రెరా చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి. ఆ నంబరు అడగండి. నంబరు చెప్పలేని వెంచరులో రూపాయి పెట్టొద్దు. పంట రుణం తెచ్చి ప్లాటు అడ్వాన్సుకు అసలే పెట్టొద్దు. ఏడాదిలో తిరిగి కట్టాల్సిన డబ్బును ఐదేళ్లకు గానీ రాని చోట పెడితే 4 శాతం వడ్డీ కాస్తా 24 శాతం అవుతుంది, ఎందుకంటే ఆ పంట రుణం తీర్చడానికి బయట తేవాల్సి వస్తుంది.

మన చీటీలు మనం తయారు చేసుకుందాం

మరి మనం ఏం చేయగలం? బ్యాంకు సాక్ష్యాన్ని లెక్క కడుతుంది అనుకున్నాం కదా. అయితే మన సాక్ష్యం మనం కూడబెట్టుకుందాం.

మొదటిది, ఈ-పంట నమోదు. ప్రతి కారులో రైతు సేవా కేంద్రంలో పంట రాయించుకోండి, రశీదు దాచుకోండి. యజమానే కాదు, గుత్త రైతు కూడా తన పేరు రాయించుకోవాలి. ఈ భూమిని ఈ మనిషి సాగు చేశాడని చెప్పే కాగితం అది.

రెండోది, పాల బిల్లు. పది, పదిహేను రోజులకోసారి డెయిరీ ఇచ్చే డబ్బు మన ఇళ్లలో జీతం చీటీకి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది. అది చేతికి కాకుండా ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతాకు రానివ్వండి. రెండేళ్ల పాల బిల్లులు ఖాతాలో కనిపిస్తే మేనేజరు మాట తీరు మారుతుంది. డీసీ పల్లి, కలిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మిన బిల్లులు కూడా అంతే, ఒక్కటి కూడా పారేయొద్దు.

మూడోది, కార్డు. పంట రుణం గడువు తేదీని గోడ మీద రాసుకోండి. ఒక్క రోజు ఆలస్యమైనా 3 శాతం రాయితీ పోతుంది. 3 లక్షల మీద అది 9 వేలు.

నాలుగోది, ఆదాయపు పన్ను రిటర్ను. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. పక్కన చిన్న వ్యాపారమో, ట్రాక్టరు బాడుగో ఉన్నవాళ్లు పన్ను పడకపోయినా రిటర్ను వేయొచ్చు. రెండు మూడేళ్ల రిటర్నులు సొంత పని చేసుకునేవాళ్లకు జీతం చీటీలాగా పనికొస్తాయి. రిటర్ను వేస్తే పీఎం కిసాన్ పోతుందని భయపడుతున్నారు. నిబంధనలో ఉన్నది పన్ను కట్టినవాళ్ల గురించి, సున్నా పన్ను రిటర్ను వేసినవాళ్ల గురించి కాదు.

ఐదోది, అమ్మాల్సే వస్తే జాగ్రత్తలు. డీకేటీ భూమి అయితే 1977 చట్టం ఉంది. 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు అమ్ముకునే వీలు కల్పిస్తూ 2023లో సవరణ వచ్చింది, ఆ తర్వాత 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. అందుకని 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చూడకుండా అగ్రిమెంటు రాయొద్దు, అడ్వాన్సు తీసుకోవద్దు. ఇంకొకటి. భూమి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి పన్ను పరిధిలో లేకపోతే మినహాయింపు ఉంది. కొనేది జీతగాడైతే ఆ మినహాయింపు లేదు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. పల్లె వ్యవసాయ భూమిని వ్యవసాయ భూమిగానే అమ్మితే లాభం మీద పన్ను లేదు. ప్లాట్లుగా మార్చి అమ్మితే లెక్క వేరు, ముందే ఆడిటరును అడగండి.

దూబగుంట నేర్పిన పాఠం

చీటీ లేకుండా అప్పు ఇవ్వడం సాధ్యమేనా అని అడిగేవాళ్లకు మన జిల్లాలోనే జవాబుంది. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోంచే మన జిల్లాలో పొదుపు సంఘాలు లేచాయి. రోజుకు రూపాయి దాచిన ఆడవాళ్లకు ఏ జీతం చీటీ ఉంది? ఏ తాకట్టు ఉంది? పదిమంది కలిసి కూర్చుని, పుస్తకం రాసి, వాయిదా తప్పకుండా కట్టి చూపించారు. ఇవాళ బ్యాంకులు ఆ సంఘాలకు పిలిచి అప్పు ఇస్తున్నాయి. వ్యక్తికి లేని చీటీని సంఘం పుస్తకం ఇచ్చింది. గుత్త రైతులు కూడా ఐదుగురు, పదిమంది కలిసి ఉమ్మడి బాధ్యత బృందాలుగా అప్పు తీసుకునే ఏర్పాటు ఉంది. మన మండలంలో ప్రతి ఊరిలో అలాంటి ఒక్క బృందమైనా నిలబెట్టడం ఈ ఏడాది సంఘం పనిగా పెట్టుకుంటున్నాం.

మన కోర్కెలు

ఇంటి జాగ్రత్తలు ఒక్కటే చాలవు. విధానం మారాలి. అందుకే ఈ సమావేశం నుంచి నాలుగు కోర్కెలు ముందు పెడుతున్నాం.

ఒకటి. చిన్న, సన్నకారు రైతులు సాగు భూమి కొనడానికి ఇచ్చే అప్పును రిజర్వు బ్యాంకు ప్రాధాన్యతా రంగ వ్యవసాయ రుణంగానే లెక్కిస్తుంది. నిబంధనలో ఉన్నది మన బ్రాంచీల్లో కనిపించాలి. జిల్లా రుణ ప్రణాళికలో దీనికి విడిగా లక్ష్యం పెట్టాలి. కిస్తీ నెల నెలా కాకుండా పంట చేతికొచ్చే కాలానికి ఉండాలి.

రెండు. గుత్త రైతు కార్డుకు యజమాని సంతకం అనే షరతు తీసేయాలి. ఈ-పంట నమోదు, గ్రామసభ ధ్రువీకరణ చాలాలి.

మూడు. గ్రామకంఠంలో ఉన్న మన ఇళ్లకు 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద హక్కు పత్రాలు త్వరగా ఇవ్వాలి. వాటిని గృహ రుణానికి బ్యాంకులు ఒప్పుకోవాలి.

నాలుగు. పాల బిల్లులు, వేలం కేంద్రం బిల్లులు, ఈ-పంట రశీదులను రైతు రాబడికి సాక్ష్యంగా తీసుకోమని బ్యాంకులకు రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి.

సోదరులారా, అక్కచెల్లెళ్లారా, వ్యవసాయం కూడా ఒక పనే. పొద్దున నాలుగింటికి మోటారు వేయడానికి పోయేది పనే, బర్రె పాలు పిండేది పనే, బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకునేది పనే. ఆ పనికి కాగితం లేదన్న ఒక్క కారణంతో మన భూమి చేతులు మారడాన్ని చూస్తూ ఊరుకోలేం. వచ్చే నెల మొదటి వారంలో ఊరూరా కార్డు గడువులు, ఈ-పంట నమోదు పరిశీలించే పని పెట్టుకుందాం. గ్రామ కమిటీలు జాబితాలు రాసుకుని రండి. పట్టా పుస్తకం ఉన్నవాళ్లూ రండి, లేనివాళ్లు ముందు రండి.